చీకటి తొట్టి: గుహ చేపలతో పది నెలలు

జనవరి 11

రెండు తొట్లకూ నీళ్ళు పట్టి ఐదు వారాలైంది. ఈ ఉదయం పరీక్షలో అమ్మోనియా సున్నా చూపించాక చేపలను వదిలాను.

ఎడమ తొట్టిలో ఆరు గుహ చేపలు. లేత గులాబీ రంగు ఒళ్ళు, దాని మీద వెండి పూసినట్టు సన్నని మెరుపు, కళ్ళుండాల్సిన చోట నున్నటి చర్మం. కుడి తొట్టిలో ఐదు మామూలు చేపలు. వెండి రంగు, తోక మొదట్లో నల్ల మచ్చ, పెద్ద గుండ్రటి కళ్ళు. వీటికీ వాటికీ చుట్టరికం ఉందని చూసినవాళ్ళెవరూ అనుకోరు. కానీ రెండూ ఆస్టియానాక్స్ మెక్సికానస్ అనే ఒకే జాతి. జత కడితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు మళ్ళీ పిల్లలు పుడతాయి. నా ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. వెలుతురులో బతికే చేప చీకట్లోకి వెళ్ళి గుహ చేపగా ఎలా మారిందో చాలా చదివాను. అందులో ఇంట్లో చూడగలిగినంత మేర స్వయంగా చూడాలని ఈ ప్రయత్నం.

గుహ చేపలు ఇక్కడ ఆస్టిన్‌లో అక్వేరియం షాపులోనే దొరికాయి. మామూలు చేపలను పక్క ఊళ్ళో ఉండే ఒక పెద్దాయన ఇచ్చారు. ఆయన ఇంటి తొట్టిలోనే పుట్టినవి, వాటి ముందు తరాలు టెక్సాస్ వాగులవి. టెక్సాస్ చేపలకు వేరే జాతి పేరు ఉండాలనే శాస్త్రవేత్తలు కొందరున్నారు. నేను పాత లెక్కే పాటిస్తున్నాను, ఎందుకంటే ఈ పరిశోధనల్లో పేరున్న ల్యాబులు కూడా పశ్చిమ టెక్సాస్‌లోని బాల్మోరియా ఊటల చేపలను గుహ చేపలతో జతకట్టించాయి.

షాపుల్లో అమ్మే గుహ చేపల వంశం కూడా టెక్సాస్ మీదుగానే ప్రపంచంలోకి వెళ్ళింది. 1936లో మెక్సికోలోని శాన్ లూయిస్ పొటోసి రాష్ట్రంలో, కువేవా చీకా అనే గుహలో సాల్వడార్ కొరొనాడో వీటిని పట్టి, డల్లాస్‌లో అక్వేరియం చేపల వ్యాపారం చేసే బేసిల్ జోర్డాన్‌కు పంపాడు. అదే ఏడాది కార్ల్ హబ్స్, విలియం ఇన్నెస్ కలిసి వీటికి అనోప్టిక్తిస్ జోర్డానీ అని పేరు పెట్టారు. అంటే అప్పట్లో వీటిని వేరే ప్రజాతి అనుకున్నారు. వాగుల్లో తిరిగే వెండి చేపతో ఇవి పిల్లలు కంటాయని తెలిశాక ఆ పేరు నిలవలేదు.

జనవరి 20

ఎడమ తొట్టి ముందు గంటసేపు కూర్చున్నాను. ఆరు చేపలూ అద్దం పక్కనే, వేలెడు దూరం కూడా వదలకుండా, ఆగకుండా తిరుగుతున్నాయి. ఒక్కటీ అద్దానికి కొట్టుకోలేదు. మధ్యలో ఒక పూలకుండీ బోర్లించి పెట్టాను. వెంటనే వేగం పెంచాయి. కుండీ చుట్టూ పది పన్నెండు సార్లు గబగబా తిరిగి, తర్వాత మెల్లగా మామూలు వేగానికి వచ్చాయి. అరగంటకల్లా ఆ కుండీ ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు తిరిగాయి.

చేప ఈదుతుంటే దాని చుట్టూ నీళ్ళు కదులుతాయి. ఎదురుగా ఏదైనా అడ్డం ఉంటే ఆ కదలిక మారుతుంది. చర్మం మీద ఉండే సన్నని స్పర్శ కణాలు ఆ మార్పును పట్టేస్తాయి. ఇవి అన్ని చేపలకూ ఉంటాయి, గుహ చేపకు తల మీద ఇంకా ఎక్కువ, ఇంకా పెద్దవి. వేగంగా ఈదితే ఆ కదలిక బలంగా ఉంటుంది, అందుకే కొత్త చోటు తెలుసుకోవాలంటే వేగం పెంచాలి. మనం చీకటి గదిలో అడుగు నెమ్మది చేసి తడుముకుంటాం. ఇవి వేగం పెంచి తడుముకుంటాయి.

మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి చూసి, "అమ్మా, ఇవి పాపం కదా" అంది. వాటిని చూస్తుంటే నాకు పాపం అనిపించలేదు. అదే చెప్పాను.

ఫిబ్రవరి 2

అటకలో పడి ఉన్న పాత బేబీ మానిటర్ కెమెరా తీశాను. చీకట్లోనూ చూపించే రకం. రెండు తొట్లకూ నల్ల గుడ్డ కప్పి, గదిలో లైట్లు ఆర్పి, వారం పాటు రాత్రిళ్ళు రికార్డు చేశాను.

కుడి తొట్టి చేపలు పది గంటలు దాటాక నెమ్మదించాయి. తోక కొంచెం వాల్చి, రెక్కలు మెల్లగా ఆడిస్తూ, ఉన్నచోటే తేలుతూ ఉండిపోయాయి. నిద్రే అది. ఎడమ తొట్టిలో ఆ హడావుడి రాత్రంతా తగ్గలేదు. ఒక్కో చేప అప్పుడప్పుడు కాసేపు ఆగుతుంది, మళ్ళీ బయల్దేరుతుంది. గుహ చేపలు చాలా తక్కువ నిద్రపోతాయని 2011లోనే డ్యుబువే, కీన్, బొరోవ్‌స్కీ ప్రచురించారు. గుహలో మేత ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. గబ్బిలాల రెట్టలు, వానాకాలం వరద మోసుకొచ్చే చెత్తాచెదారం, అంతే అక్కడి తిండి. నిద్రలో ఉన్న చేప నోటి దగ్గరది మెలకువగా ఉన్న చేప నోటికి పోతుంది.

మేత తినే తీరు కూడా కెమెరాలో దొరికింది. దీనికోసమే ఎదురుచూశాను. చీకట్లో అడుగున పడిన గుళికను తినడానికి మామూలు చేప తలకిందులుగా, దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది. గుహ చేప ఏటవాలుగా ఒరిగి, గడ్డం నేలకు రాస్తూ పోతుంది. గడ్డం కింద, పెదవుల చుట్టూ దానికి రుచి మొగ్గలు ఎక్కువ. అలా ఒరిగితే ఒక్క ఊపులో ఎక్కువ నేల తడమగలదు. ఇది అలవాటుతో వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. ఎందుకంటే నా గుహ చేపల ముందు తరాలెన్నో తొట్లలోనే, దీపాల వెలుతురులోనే పెరిగాయి. అయినా ఆ ఒరగడం పోలేదు.

ఫిబ్రవరి 16

పాత కారు స్పీకరు మధ్యలో సన్నని గాజు కడ్డీ అంటించి, కొస నీళ్ళలో మునిగేలా పెట్టాను. ఫోన్‌లో యాప్‌తో సెకనుకు 35 కంపనాల శబ్దం పెట్టాను. మొదటి రోజు కడ్డీ అద్దానికి తగిలి తొట్టి మొత్తం అదిరింది, చేపలు బెదిరి ఒక మూలకు చేరాయి. వాటిని అలా చూసి చాలా బాధపడ్డాను, రెండు రోజులు ఏమీ చేయకుండా వదిలేశాను.

ఈ రోజు కడ్డీని చెక్క స్టాండుకు బిగించి, అద్దానికి దూరంగా దించాను. చీకట్లో మూడు నిమిషాల చొప్పున చూశాను. ఆరు గుహ చేపల్లో నాలుగు కడ్డీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చి మూతితో తాకాయి. కుడి తొట్టిలో ఒక్కటి కూడా దగ్గరికి రాలేదు, రెండు దూరంగా జరిగాయి. నీళ్ళలో పడిన పురుగు కొట్టుకుంటే వచ్చే అదురు ఇంచుమించు ఇదే వేగంలో ఉంటుంది. వాగులో అలా అదిరేది పెద్ద చేపో, పామో కూడా కావచ్చు. అక్కడ దూరంగా జరగడమే మంచిది. గుహలో ఈ చేపను తినే జీవి లేదు. అక్కడ అదురు వినిపిస్తే అది తిండే. ఒకే శబ్దానికి ఒక చోట భయపడినవి, ఇంకో చోట ఆశపడినవి బతికాయి. 2010లో యోషిజావా బృందం 35 కంపనాల దగ్గర చూపించినది నా గదిలో పాత స్పీకరుతో కనబడినందుకు మనసు నిండిపోయింది.

మార్చి 1

హీటరు పాడై కుడి తొట్టి 19 డిగ్రీలకు పడిపోయింది. తెల్లవారి చూసుకునేసరికి చేపలు ముడుచుకుని ఉన్నాయి. కొత్తది పెట్టి గంటకు ఒక డిగ్రీ చొప్పున పెంచాను. అన్నీ బతికాయి.

మార్చి 23

జత కట్టించే ప్రయత్నం రెండుసార్లు విఫలం.

ముందు ఆడ, మగ తేల్చాలి. మగ చేప ఆసన రెక్కకు కంటికి కనబడనంత చిన్న ముళ్ళుంటాయి, మెత్తని వలలో పడితే ఆ రెక్క వలకు అంటుకుంటుంది. ఆడదానికి అంటుకోదు, పొట్ట గుండ్రంగా ఉంటుంది. మూడు చిన్న తొట్లు పెట్టాను: గుహ ఆడా గుహ మగా, మామూలు ఆడా మామూలు మగా, మూడోదానిలో మామూలు ఆడా గుహ మగా. మొదటిసారి గుడ్లే లేవు. రెండోసారి రాత్రి పెట్టినట్టున్నాయి, తెల్లారేసరికి అవే తినేశాయి. అడుగున రెండు పెంకులు మాత్రం దొరికాయి.

నాన్నకు ఫోన్ చేశాను. కైకలూరు దగ్గర ముప్పై ఏళ్ళు చెరువులు చేసిన మనిషి. బొచ్చె, శీలావతి తప్ప ఈ అంగుళం చేపలు ఆయనకు లెక్కలోకి రావు. అయినా అంతా విని, "నీళ్ళు మార్చావా అమ్మా? చేపకు కొత్త నీరు తెలియాలి. తొలకరికి కాలవలో కొత్త నీరు దిగితేనే కదా ఎదురెక్కేది. పాత నీళ్ళలో కూర్చోబెట్టి గుడ్లు పెట్టమంటే ఎట్లా పెడతాయి?" అన్నారు.

ఆయన మాటతో నాకు గుహలు గుర్తొచ్చాయి. సియెర్రా డె ఎల్ అబ్రా కొండల కింద ఎండాకాలమంతా గుంటల్లో కదలని నీళ్ళు, వానలు పడితే ఒక్కసారిగా వరద. గుహలో పగలూ రాత్రీ లేకపోయినా ఏడాదిలో ఒకసారి కొత్త నీరు వస్తుంది.

ఏప్రిల్ 6

నాన్న చెప్పినట్టే చేశాను. వారం పాటు 22 డిగ్రీల్లో ఉంచి, సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోసి, రెండు రోజుల్లో 26కు పెంచాను. అడుగున ప్లాస్టిక్ జల్లెడ పరిచాను, గుడ్లు దాని కిందికి జారిపోతే చేపల నోటికి అందవు. నిన్న అర్ధరాత్రి దాటాక మూడు తొట్లలోనూ గుడ్లు పడ్డాయి. ఒక్కోటి మిల్లీమీటరు మేర, అద్దం ముత్యంలా. నాన్నకు మెసేజ్ పెడితే "శుభం" అని ఒక్క మాట పంపారు.

ఏప్రిల్ 7

ఈ డైరీలో ఎక్కువసేపు రాయాలనుకున్న రోజు ఇదే.

గుడ్లు పడి ఇరవై నాలుగు గంటలు. మా అమ్మాయి మైక్రోస్కోపు కింద మొదట మామూలు చేప పిండం పెట్టాను. లోపల తల, తోక, తలకు రెండు పక్కలా కప్పుల్లాంటి కళ్ళు, ఒక్కో కప్పులో గాజుపూసలాంటి లెన్సు. తర్వాత గుహ చేప పిండం పెట్టాను. అక్కడా తల, తోక. తలకు రెండు పక్కలా కప్పుల్లాంటి కళ్ళు.

నేను చాలాసార్లు చదివిన విషయమే. గుహ చేప పిండంలో కన్ను మొదలవుతుంది. అయినా చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. కన్ను లేని తల్లికీ కన్ను లేని తండ్రికీ పుట్టిన గుడ్డు, లక్షల తరాల వెలుతురు చేపల పద్ధతి మర్చిపోకుండా, లెన్సుతో సహా కన్ను కడుతోంది. కొంచెం చిన్నదే, కానీ కన్నే.

కట్టడం మొదలైన కొద్ది గంటల్లోనే కూల్చడం మొదలవుతుంది. ముందు చచ్చిపోయేది లెన్సులోని కణాలు. నా మైక్రోస్కోపులో అది కనబడదు, ల్యాబుల్లో రంగులు వేసి చూస్తారు. 2000లో యోషియుకి యమమోటో, విలియం జెఫ్రీ ఒక ప్రయోగం చేశారు. మామూలు చేప పిండంలోంచి లెన్సు తీసి గుహ చేప పిండం కంటిలో ఒక పక్క పెట్టారు. ఆ పక్క కన్ను కూలిపోలేదు, పూర్తిగా పెరిగింది. గుహ చేప లెన్సును మామూలు చేపలో పెడితే అక్కడ కన్ను కుంగిపోయింది. అంటే మిగతా కన్ను పెరగాలంటే లెన్సు నుంచి ఏదో కబురు అందాలి. గుహ చేపలో ఆ కబురు ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుంది అన్నదానికి 2004లో అదే బృందం ఒక జవాబు పట్టింది. పిండం తల మధ్య గీత వెంట సానిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు పనిచేస్తుంది. గుహ చేపలో అది ఎక్కువ వెడల్పున పనిచేస్తుంది. మామూలు చేప పిండంలో దాన్ని కావాలని పెంచితే దాని లెన్సు కూడా చచ్చిపోయింది. 2009లో ఇంకో సంగతి బయటపడింది: ఆ జన్యువు పెరిగితే నోటి చుట్టూ రుచి మొగ్గలు కూడా పెరుగుతాయి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మొన్న కెమెరాలో చూసిన ఆ గడ్డం, ఈ రోజు మైక్రోస్కోపులో చూసిన ఈ కన్ను, రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. నోరు పెరగడానికి లాగిన లాగుడులో కన్ను జారిపోయి ఉండవచ్చు.

మూడో గిన్నెలో కలగలుపు గుడ్లు. వాటి కళ్ళు మామూలు వాటికంటే కొంచెం చిన్నవిగా కనబడ్డాయి. ఈ వయసులో అంతకంటే చెప్పలేను.

ఏప్రిల్ 13

ఏడో రోజు. పిల్లలన్నీ ఈదుతున్నాయి. చేప పిల్లల మేతకు వాడే ఆర్టీమియా అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల గుడ్లు పొదిగించి వేశాను. నారింజ రంగు పొట్టలు కనబడితే సీడు నిలబడినట్టే అని నాన్న లెక్క. గుహ పిల్లల్లో ముప్పై దాకా బూజు పట్టి పోయాయి. ఎనభైకి పైగా నిలిచాయి.

మే 25

మా అమ్మాయి మార్చిలోనే ఒక ప్రశ్న అడిగింది: "మామూలు చేపల్ని చీకట్లో పెంచితే వాటికీ కళ్ళు పోతాయా?" దాన్నే ప్రయోగంగా పెట్టాం. మామూలు పిల్లలను రెండు భాగాలు చేసి, ఒకటి వెలుతురులో, ఒకటి నల్ల కాగితం చుట్టిన తొట్టిలో ఆరు వారాలు పెంచాం. మేత వేసేటప్పుడు తప్ప మూత తీయలేదు.

చీకటి పిల్లలు కొంచెం చిన్నగా ఉన్నాయి, చీకట్లో ఆర్టీమియా పట్టుకోవడం వాటికి కష్టమే. కళ్ళు మాత్రం నిండుగా పెరిగాయి. ఫోటోలు తీసి కొలిస్తే తలకూ కంటికీ ఉండే నిష్పత్తిలో తేడా దొరకలేదు. వెలుతురు తొట్టిలో పెరిగిన గుహ పిల్లల కథ దీనికి తలకిందులు. మూడో వారం దాకా ఒక్కో పక్క చిన్న నల్ల చుక్క స్పష్టంగా ఉంది. తర్వాత తల పెరుగుతూ పోయింది, చుక్క పెరగలేదు. ఇప్పుడు చాలావాటికి అది చర్మం కిందికి దిగి, మసక నీడలా మిగిలింది.

చిన్నప్పుడు బడిలో "వాడకపోతే అవయవం పోతుంది" అని చదువుకున్నాం. 1859లో డార్విన్ కూడా గుహ జీవుల కళ్ళు పోవడానికి వాడకం లేకపోవడమే కారణమని రాశాడు. మా రెండు తొట్లు చూశాక మా అమ్మాయి సొంతంగా చెప్పింది: చీకటి కన్ను తీసేయదు, వెలుతురు కన్ను ఇవ్వదు, గుడ్డులో ఉన్నదే జరుగుతుంది. చీకటి చేసే పని తరాల మీద. ఏ గుడ్లు బతికి పిల్లలు కనాలో అక్కడ తేలుతుంది.

అయితే చీకటి ఒక్క తరంలో అసలేమీ చేయదని కాదు. 2020లో బిలాంజియా బృందం మామూలు చేపలను చీకట్లో పెంచితే కళ్ళు ఉన్నా, ఒంట్లో కొవ్వు, హార్మోన్లు లాంటి చాలా విషయాల్లో గుహ చేపల వైపు ఒరిగాయని చూపించింది. 2013లో నికొలాస్ రోనర్, క్లిఫ్ టాబిన్ బృందం లవణాలు తక్కువ ఉన్న గుహ నీళ్ళ లాంటి నీళ్ళలో పెంచితే మామూలు చేపల కళ్ళ సైజుల్లో తేడాలు బాగా పెరిగాయని చూపించింది. మామూలు రోజుల్లో దాగి ఉన్న తేడాలు కష్టకాలంలో బయటపడతాయన్నమాట. మొదటిసారి వరదలో కొట్టుకుపోయి గుహలో పడ్డ చేపల పిల్లలు అన్నీ ఒకేలా ఉండి ఉండవు.

జూన్ 21

కన్ను లేకపోతే లాభమేంటి అని ఒక స్నేహితురాలు అడిగింది. "ఉంటే పోయేదేముంది?"

పోయేది ఉంది. కంటి పొర, మెదడులో చూపును అర్థం చేసుకునే భాగం, ఇవి ఒంట్లో అత్యంత ఖర్చుగల భాగాల్లో ఉన్నాయి, కూర్చోబెట్టి మేపినా తింటాయి. డామియన్ మోరన్ బృందం 2015లో లెక్క కట్టింది: ఒక గ్రాము బరువున్న చేపలో విశ్రాంతిగా ఉన్నప్పటి మొత్తం ఖర్చులో 15 శాతం చూపుకే పోతుంది. 8.5 గ్రాముల చేపలో అది 5 శాతం. చిన్న పిల్లకే భారం ఎక్కువ, ఆకలికి ముందు చచ్చేదీ చిన్న పిల్లే. నెలల తరబడి తిండి దొరకని చోట ఆ ఖర్చు లేని పిల్ల బతికి బయటపడుతుంది.

ఇంకో వాదన కూడా ఉంది. గుహలో కంటి జన్యువు చెడినా చేపకు నష్టం లేదు, కాబట్టి చెడినవి ఏరివేయబడకుండా పోగవుతాయి. రంగు పోవడంలో ఈ వాదనకు బలం ఎక్కువని నా అభిప్రాయం. కన్ను విషయంలో మాత్రం ఖర్చు, నోరు, రెండూ ఒకేసారి ఒకే వైపు లాగాయని నమ్ముతున్నాను.

జూలై 19

ఈ నెల తొట్ల పని తక్కువ, చదువు ఎక్కువ.

ఈ చేప గుహ రూపం ముప్పైకి పైగా గుహల్లో దొరికింది. పచోన్, తినాహా, మొలీనో, లోస్ సబీనోస్. అన్నీ తూర్పు మెక్సికోలో సున్నపురాయి కొండల కిందే. ఒక గుహలో పుట్టి మిగతావాటికి పాకలేదు. కనీసం రెండు వేర్వేరు మూలాల నుంచి, వేర్వేరుసార్లు వెలుతురు చేపలు లోపలికి వెళ్ళి గుడ్డివయ్యాయి. ఎంత కాలం కిందట అన్నది ఇంకా తేలలేదు. 2018లో ఒక బృందం లక్షా 60 వేల నుంచి లక్షా 90 వేల తరాల కిందట అని లెక్కేసింది, అదే ఏడాది మరో బృందం 30 వేల ఏళ్ళలోపే అంది. ఏది నిజమైనా, భూమి లెక్కలో అది నిన్నా మొన్నటి సంగతి.

వేర్వేరుసార్లు జరిగిందనడానికి నాకు బాగా అర్థమైన సాక్ష్యం 2008లో రిచర్డ్ బొరోవ్‌స్కీ చేసిన జతలు. రెండు వేర్వేరు గుహల గుడ్డి చేపలను కలిపితే పుట్టిన పిల్లల్లో కొన్నిటికి చూపు వచ్చింది. గుహల మధ్య దూరం పెరిగేకొద్దీ చూపున్న పిల్లల సంఖ్యా పెరిగింది. ఒకే పుస్తకానికి రెండు చినిగిన ప్రతులు ఉన్నాయనుకోండి. ఒకదానిలో పదో పేజీ లేదు, ఇంకోదానిలో నలభయ్యో పేజీ లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కథ మొత్తం చదవొచ్చు. ఇది మా అమ్మాయికి చెబుతూ చెబుతూ నాకే గొంతు పట్టేసింది.

రంగు విషయంలోనూ ఇంతే. పచోన్, మొలీనో గుహల తెల్ల చేపల్లో చెడిన జన్యువు ఒకటే, ఓకా2. కానీ రెండు చోట్లా అది వేర్వేరు దగ్గర తెగింది. 2006లో ప్రోటాస్ బృందం ఇది కనుక్కుంది.

ఆగస్టు 16

రెండు తొట్లకూ కొలిచి ఒకే మేత వేస్తున్నా గుహ చేపలు బొద్దుగా అయ్యాయి. మేత తగ్గించాను. దొరికినప్పుడు తిని దాచుకోవడం వాటి గుణం. కొన్ని గుహల చేపల్లో ఆకలిని అదుపు చేసే ఎంసీ4ఆర్ జన్యువు మారిందని 2015లో తేలింది. 2018లో ఇంకా ఆశ్చర్యమైనది వచ్చింది: పచోన్, తినాహా చేపల్లో ఇన్సులిన్ అందుకునే జన్యువు చెడి ఉంటుంది, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటుంది, అయినా అవి ఆరోగ్యంగా, మామూలు చేపలంత కాలం బతుకుతాయి. అదే మార్పు మనిషిలో వస్తే చాలా తీవ్రమైన జబ్బు. నా షాపు చేపల్లో ఆ మార్పు ఉందని చెప్పలేను, వీటి వంశం వేరే గుహది.

నాన్నకు పదిహేనేళ్ళుగా షుగర్. ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాటికి ఎట్లా సరిపోతోందో కనిపెడితే మాలాంటోళ్ళకి మందు దొరుకుద్దేమోనమ్మా" అన్నారు. ఆ ప్రశ్న వెనకే ఇప్పుడు చాలామంది పడి ఉన్నారని చెప్పాను.

సెప్టెంబర్ 13

శాన్ ఆంటోనియో వెళ్ళొచ్చాం. ఆ నగరం కింద ఎడ్వర్డ్స్ అనే భూగర్భ జలాశయంలో రెండు రకాల గుడ్డి క్యాట్‌ఫిష్‌లు ఉన్నాయి. వందల మీటర్ల లోతు బోర్ల నీళ్ళతో పాటు ఎప్పుడో ఒకటి పైకి వస్తేనే వాటి సంగతి మనిషికి తెలిసేది. వాటికి కళ్ళున్న పైచేప ఏదో చూపించి జత కట్టించలేం, మధ్య మెట్లన్నీ మాయమైపోయాయి. నా తొట్లలో చేప విలువ అందుకే. అది మారిన చేపా ఉంది, మారకముందు చేపా ఉంది, రెండూ ఇంకా ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

అక్టోబర్ 25

కలగలుపు పిల్లలకు ఆరున్నర నెలలు. పదిహేడు పెద్దవయ్యాయి. అన్నిటికీ రంగుంది, మామూలు వాటికంటే కాస్త పలచన. అన్నిటికీ కళ్ళున్నాయి, మామూలు వాటికంటే చిన్నవి. తొట్టి మీద చెయ్యి నీడ కదిపితే చప్పున పక్కకు తప్పుకుంటాయి, అంటే చూపు పనిచేస్తోంది.

కానీ రాత్రి కెమెరా వేరే మాట చెప్పింది. ఐదు రాత్రులు చూశాను. తల్లి చేపల్లా ఉన్నచోట తేలుతూ నిద్రపోవడం లేదు, తండ్రి చేపల్లా తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాయి. 2011 నాటి ఆ నిద్ర పరిశోధనలో కూడా కలగలుపు చేపలు గుహ వైపే ఒరిగాయి. కన్ను తల్లి వైపు, నిద్ర తండ్రి వైపు. ఒకే ఒంట్లో.

జనవరిలో నేను "గుహ చేపగా మారడం" అని రాసుకున్నాను, అదేదో ఒక్క పని అయినట్టు. కాదు. కన్ను, రంగు, నిద్ర, ఆకలి, అదురు వైపు వెళ్ళే గుణం, గడ్డం ఒరిపిడి, ఇవన్నీ చాలావరకు వేర్వేరు పోగులు. చీకటి వాటిని ఒక మూటగా కట్టింది. ఒక జతతోనే ఆ మూట కొంచెం వదులైంది. మరో తరం వెళితే పోగులు విడిపోతాయి.

నవంబర్ 8

కలగలుపు చేపల్లోంచే మూడు జతలు విడదీశాను. వాటన్నిటికీ ఒకే తల్లి, ఒకే తండ్రి. 22 డిగ్రీల్లో వారం ఉంచి, నిన్న సాయంత్రం కొత్త నీళ్ళు పోశాను.

1957లో పెరిహాన్ షాదోగ్లు గుహ చేపల తెల్లదనం ఒక్క జన్యువు పని అని తేల్చింది సరిగ్గా ఇలాంటి జతలతోనే, నాలుగో వంతు పిల్లలు తెల్లగా పుట్టాయి. కన్ను అంత తేలికగా విడిపోదు. దాని వెనక చాలా జన్యువులున్నాయి, హాంబుర్గ్‌లో హోర్స్ట్ విల్కెన్స్ దశాబ్దాల పాటు ఆ లెక్కలే వేశాడు. కాబట్టి నా మనవల తరంలో పెద్ద కన్ను నుంచి లేని కన్ను దాకా అన్ని మెట్లూ కనబడాలి. కళ్ళు లేకుండా హాయిగా నిద్రపోయేది, కళ్ళుండి తెల్లవార్లూ తిరిగేది, రెండూ పుట్టవచ్చు. ఒక్కోదానికి ఫోటో, రాత్రి వీడియో, కడ్డీ పరీక్ష. పట్టిక గీసి పెట్టుకున్నాను.

రాత్రి రెండున్నర. రెండో తొట్టిలో జల్లెడ కింద గుడ్లు పడుతున్నాయి. మా అమ్మాయిని లేపాను.